నా పేరున్న బ్యాడ్జి

కాగితాల ప్రకారం నేను కోదాడలో పని చేస్తాను. ఒళ్ళు మాత్రం సూర్యాపేటలో ఉంటుంది. ఆరేళ్ళుగా ఇదే పద్ధతి.

మా ఓనరు హరీష్‌కు మిర్యాలగూడలో ఒకటి, సూర్యాపేటలో ఒకటి, కోదాడలో ఒకటి, మొత్తం మూడు స్కానింగ్ సెంటర్లు. వాళ్ళ నాయన రైసుమిల్లు నడిపి సంపాదించాడు, కొడుకు ఆ సంపాదనను మిషన్లలో పెట్టాడు. ప్రతి సెంటర్‌కూ సర్టిఫికెట్ ఉన్న రేడియోగ్రాఫర్ ఉండాలని రూలు. సూర్యాపేట సెంటర్ గోడకు వేలాడే సర్టిఫికెట్ మనిషి నల్లగొండలో మందుల దుకాణం నడుపుకుంటాడు. ఆయన ముఖం నేను రెండుసార్లు చూశాను. నా సర్టిఫికెట్ కోదాడ గోడకు వేలాడుతుంది, దానికి నెలకింత కిరాయి. సూర్యాపేటలో సీటీ మిషన్ ఉంది కాబట్టి చేయి తిరిగిన మనిషి అక్కడ కావాలి. కోదాడలో ఉన్నది ఒట్టి ఎక్స్‌రే. ఇంటర్ చదివిన పిల్లను పదిహేను రోజులు పక్కన నిలబెట్టుకుని నేర్పితే చాలునని హరీష్ అనుకున్నాడు. నేర్పింది నేనే. ఇప్పుడున్న పిల్ల పేరు కళ్యాణి.

సెప్టెంబర్ నెలలో ఒక శుక్రవారం హరీష్ నన్ను తన గదిలోకి పిలిచాడు.

"ప్రభన్నా, కూసో. చాయ్ తాగుతవా?"

హరీష్ చాయ్ అడిగాడంటే ఏదో పని పడిందని అర్థం. నిలబడే ఉన్నాను.

"ఏందో చెప్పు సార్."

కంప్యూటర్ నా వైపు తిప్పాడు. "నీ బ్యాడ్జి గింత రీడింగ్ ఎట్ల తెచ్చిందే? మిషన్‌ను కావలిచ్చుకొని పండుకున్నవా ఏంది?"

బ్యాడ్జి అంటే అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ డబ్బీ. ఎక్స్‌రే గదిలో పనిచేసే ప్రతి మనిషీ దాన్ని ఛాతీకి పెట్టుకోవాలి. మూడు నెలలకోసారి ల్యాబుకు పంపితే, ఆ మూడు నెలల్లో ఆ మనిషికి ఎంత రేడియేషన్ తగిలిందో వాళ్ళు చదివి చెబుతారు. అంతే దాని పని. అది దేన్నీ ఆపదు. మా బోటి చిన్న సెంటర్లలో దాన్ని పెట్టుకునేవాళ్ళు తక్కువ, మేకుకు తగిలించేవాళ్ళు ఎక్కువ. అందుకే పాతికేళ్ళ నౌకరిలో నా పేరు పక్కన సున్నాకు కాస్త అటూ ఇటూ తప్ప ఇంకో అంకె పడలేదు.

ఆ రోజు తెరమీద నా పేరు పక్కన పద్దెనిమిది పాయింట్ ఆరు అని ఉంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా. కోదాడ బ్యాడ్జి.

"ఏం పరేషాన్ గాకు," అన్నాడు హరీష్. "రేడియేషన్ ఆఫీసోళ్ళు ఫారం పంపిన్రు, కారణం రాయమన్నరు. 'బ్యాడ్జి పొరపాటున ఎక్స్‌రే గదిల మర్చిపోయిన' అని రాసి సంతకం పెట్టు. అందరు రాసేది అదే. వాళ్ళు ఒప్పుకొని నంబర్ కొట్టేస్తరు. ఖతం."

"మర్చిపోయింది నేను గాదు గద సార్."

"మరి ఎవరు? కాగితంల కోదాడల ఉన్నది నువ్వే."

హరీష్ సొరుగు లాగి ఒక కవరు చూపించి మళ్ళీ లోపల పెట్టాడు.

"నీ అనుభవం సర్టిఫికెట్ టైప్ చేపిచ్చి పెట్టిన. సోమవారం ఫారం తెచ్చియ్యి, ఇది పట్టుకపో. సర్కారు నౌకరైనంక మమ్మల్ని మర్చిపోకు."

గొంతులో బెదిరింపు లేదు. బెదిరించాల్సిన అవసరం లేని మనిషి గొంతు అట్లాగే ఉంటుంది.

సంగతేమిటంటే, జిల్లా ప్రభుత్వ దవాఖానలో సీటీ టెక్నీషియన్ కాంట్రాక్టు పోస్టులు రెండు పడ్డాయి. మెరిట్ లిస్టులో నాది రెండో పేరు. బుధవారం ఒరిజినల్ కాగితాలు పట్టుకుని రమ్మన్నారు. వాటిలో పని చేసిన చోటినుంచి అనుభవం సర్టిఫికెట్ ఉండాలి. వయసు హద్దు దాటడానికి నాకు ఏడు నెలలే మిగిలింది. ఇది తప్పితే ఇంకోటి లేదు.

పాతికేళ్ళలో ఏడు చోట్ల పని చేశాను. మొదటిది మిర్యాలగూడలో, డార్క్‌రూమ్‌లో ఫిల్ములు కడిగే పని. వేళ్ళు పసుపు పచ్చగా అయ్యేవి, ఎంత రుద్దినా అన్నంలో ఆ మందు వాసన వచ్చేది. తర్వాత కంప్యూటర్ ఎక్స్‌రే వచ్చింది, డార్క్‌రూమ్‌ను తీసేసి స్టోర్‌రూమ్ చేశారు, నన్ను కూడా తీసేశారు. కోదాడలో హైవే పక్కన ఎముకల డాక్టర్ దగ్గర చేరాను. ఆయన హైదరాబాద్ వెళ్ళిపోయాడు. మళ్ళీ మిర్యాలగూడ, అక్కడినుంచి సూర్యాపేట. ప్రతిచోటా చేరిన రోజు "మన ఇంటి మనిషివి" అన్నారు. పోయిన రోజు ఎవరూ బయటిదాకా రాలేదు. కాంట్రాక్టుదైనా సర్కారు పోస్టు అంటే మా ఇంట్లో ఆశ పడటానికి కారణం అది.

మర్నాడు శనివారం సెలవు పెట్టి కోదాడ బస్సెక్కాను.

సున్నా రావాల్సిన బ్యాడ్జి పద్దెనిమిది తెచ్చిందంటే రెండే కారణాలు. ఒకటి, నిజంగానే ఎవరో దాన్ని మిషన్ ముందు మర్చిపోవడం. అదే అయితే సంతకం పెట్టడానికి నాకు ఏ అడ్డమూ లేదు. రెండోదాని గురించి మునగాల దాటేదాకా ఆలోచించకుండా ఉండగలిగాను.

కోదాడ సెంటర్ ఒకప్పుడు చెప్పుల దుకాణం. నేను వెళ్ళేసరికి బెంచీ మీద నలుగురు కూర్చుని ఉన్నారు. ఎక్స్‌రే గది తలుపు సగం తెరిచి ఉంది. స్విచ్చు నొక్కే మనిషి ముందు ఉండాల్సిన సీసపు అడ్డాన్ని గోడకు ఆనించి, దాని ముందు నీళ్ళ క్యాన్లు పేర్చారు. లోపల కళ్యాణి ఒక ముసలామెను ఛాతీ స్టాండుకు ఆనించి నిలబెట్టింది. ముసలామె కాళ్ళు నిలవడం లేదు. కళ్యాణి ఎడమచేత్తో ఆమె భుజం పట్టుకుని, కుడిచేత్తో పొడుగు వైరున్న స్విచ్చు పట్టుకుంది.

"గాలి పీల్చు అవ్వా. ఆపు. ఆపు. ఆ, వదిలెయ్."

మిషన్ గుయ్యిమంది. కళ్యాణి ఇటు తిరిగింది. అప్పుడు చూశాను, కడుపు.

"సార్, మీరా. ముందు చెప్పలేదే. ఇన్‌స్పెక్షనా అండీ?"

"కాదమ్మా, ఊరికే వచ్చిన. ఎన్నో నెల?"

"ఏడు పడిందండి."

"హరీష్ సార్‌కు ఎరికేనా?"

"కనబడట్లేదా ఏంటండీ మరి," అని నవ్వింది. "ఎనిమిదో నెల దాకా చెయ్యమన్నారు. కాన్పయ్యాక మళ్ళీ తీసుకుంటానన్నారు."

"సీసపు కోటు వేసుకోవా?"

"ఉన్నదొక్కటి, అది కూడా చిరిగిపోయింది. వేసుకుంటే నడుం లాగేస్తుందండి. అయినా బ్యాడ్జి ఉందిగా."

ఛాతీ మీద చూశాను. లేదు.

"ఏది?"

కళ్యాణి బెంచీ మీదివాళ్ళకు కనబడకుండా గోడ వైపు తిరిగి చున్నీ పక్కకు జరిపింది. బొడ్డుకు కాస్త పైన, బట్టకు పిన్నీసుతో గుచ్చి ఉంది. దాని మీద నా పేరు. పేరు పక్కన చిన్న పసుపు బొట్టు.

"మే నెల్లో తెలిసింది సార్. అప్పటిదాకా మేకుకే వదిలేసేదాన్ని, ఆ రోజు నుంచీ ఇక్కడే పెట్టుకుంటున్నా. నాకేమైనా పర్లేదు, లోపలున్నోళ్ళకు కావాలి కదండీ. మా అత్తే పసుపు పెట్టింది. పాత బ్యాడ్జీ తీసుకుని కొత్తది ఇచ్చినప్పుడు మళ్ళీ పెట్టింది."

మిషన్ బల్లకు ఆనుకున్నాను.

రెండేళ్ళ కిందట ఆమె చేరిన రోజు నాకు బాగా గుర్తుంది. ఇదే గదిలో, "ఈ రేసులు, అదే ఈ కిరణాలు, ఒంటికి మంచివి కావంట కదా సార్" అని హరీష్‌ను అడిగింది. హరీష్ మేకుకున్న బ్యాడ్జి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "గిది పెట్టుకో. వచ్చే రేసులన్నీ గిదే లాగేసుకుంటది. నీకు ఒక్కటి గూడ తగలదు. సర్కారోళ్ళు ఇచ్చిన వస్తువు" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. గోడమీది క్యాలెండర్ వైపు చూశాను. తర్వాత చెబుదాంలే అనుకున్నాను. పదిహేను రోజులు నేర్పాను. మోకాలుకు ఎంత దూరం పెట్టాలో, పసిపిల్లలను ఎట్లా పట్టుకోవాలో, ఊపిరి ఎప్పుడు ఆపమనాలో అన్నీ చెప్పాను. ఆ ఒక్కటి చెప్పలేదు. చెబితే కోటు అడుగుతుంది, సీసపు అడ్డం అడుగుతుంది. ఈ తెలివి ఎవరు నేర్పారని హరీష్ నన్ను అడుగుతాడు. నా సర్టిఫికెట్ కిరాయి ఆ గోడ మీదే ఉంది.

"కళ్యాణీ, అది అడ్డం గాదమ్మా. కొలిచేది. జర్వం చూసే గొట్టం ఉంటది సూడు, అసొంటిది. దాన్ని నోట్లె పెట్టుకుంటే జర్వం తగ్గుతదా?"

ఆమెకు వెంటనే ఎక్కలేదు. కడుపు మీద చెయ్యి పెట్టి నా ముఖంలోకి చూసింది.

"మరి హరీష్ సార్ లాగేసుకుంటుందన్నారుగా."

"అబద్ధం చెప్పిండు."

"మీరు కూడా అక్కడే ఉన్నారు కదండీ."

గొంతు పెంచలేదు. నేను మర్చిపోయానేమో గుర్తు చేస్తున్నట్టుగా అంది.

"ఉన్న."

బయటినుంచి ముసలామె కేకేసింది. "బిడ్డా, నా ఫోటో అయిందా? బస్సు పోతది."

కళ్యాణి వెళ్ళి ఫిల్ము కవర్లో పెట్టి, ఏ డాక్టర్‌కు చూపించాలో రెండుసార్లు చెప్పి, చెయ్యి పట్టుకుని మెట్లు దింపి వచ్చింది. తలుపు దగ్గరకు వేసింది.

"కొలిస్తే ఎంతొచ్చింది?"

"ఏప్రిల్ నుంచి జూన్ దాకా పద్దెనిమిది పాయింట్ ఆరు."

"ఎంత ఉండాలండీ?"

"కడుపుతోని ఉన్నోళ్ళకు, తెలిసిన దినం నుంచి కాన్పు దాకా మొత్తం మీద ఒకటి."

"ఒకటి," అంది. "జూలై నుంచి ఇప్పటిదాకా ఎంత?" అని అడిగింది.

"అది ఇంక రాలె."

"ఏమవుతుంది సార్?"

"నాకు తెల్వదమ్మా. ఏం గాకపోవచ్చు. దీనికి నాలుగైదు రెట్లు పడితేనే డాక్టర్లు భయపడతరని మేం సదువుకున్నప్పుడు చెప్పిన్రు. కానీ ఆ మాట డాక్టర్ చెప్పాలె, నేను గాదు. మంచి డాక్టరమ్మకు ఈ నంబర్ చూపెట్టు. రేపట్నుంచి ఈ గదిలకు రాకు."

"కాగితం ఉందా? నోటిమాటంటే మా డాక్టరమ్మ కసురుకుంటుంది."

"ఉంది. నా పేరు మీద ఉంది."

"మరి నా పేరు మీద రాయించండి."

ఫారం సంగతి చెప్పాను. బ్యాడ్జి గదిలో మర్చిపోయానని నేను సంతకం పెడితే ఆ నంబరు ఎవరిదీ కాకుండా పోతుందని చెప్పాను. నిజం రాస్తే సెంటర్ మూతపడుతుందని, ఆమె పనీ నా పనీ రెండూ పోతాయని చెప్పాను. సర్కారు పోస్టు మాట మాత్రం చెప్పలేదు. ఆ మాట చెబితే ఆమె ఏమంటుందో అని కాదు, ఏమీ అనదేమోనని.

"పని సంగతి ఇప్పుడెందుకండీ," అంది కళ్యాణి. "నాది నాకు రాయించండి చాలు."

బ్యాడ్జి మీద చెయ్యి అలాగే ఉంది. అది తీసి అవతల పారేస్తుందేమో అనుకున్నాను. తీయలేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక నా భార్య మార్తకు అంతా చెప్పాను. ఆమె ప్రైవేటు స్కూల్లో ఆయా. నేను పని మారినప్పుడల్లా ఇల్లు సర్దింది ఆమే. చిక్కుడుకాయలు ఒలుస్తూ విన్నది.

"ఆ పిల్లకు చెప్పినవ్ గద. ఇగ పాపం తీరింది అనుకుంటున్నవా?"

"తీరలె."

"మరి సంతకం పెట్టి సర్కారు నౌకరికి పో. దవాఖానల చేరినంక ఆ పిల్లకు ఏదన్న సాయం చెయ్యి."

"సంతకం పెడితే ఆ నంబర్ ఉండదు మార్తా. రేపు ఆ బిడ్డకేమన్న అయితే ఎంత తగిలిందని డాక్టర్ అడుగుతడు. సున్నా అని సూపెడతరు."

"రెండేండ్ల కింద ఒక్క మాట అనకుంట నోరు మూసుకున్న మనిషివి. ఇయ్యాల నీకు నోరొచ్చింది. సరిగ్గ నాకు ఒక సొంత తలుపున్న ఇల్లు వస్తదనంగ వచ్చింది."

ఆమె ఒలిచిన కాయలు చాటలోకి ఎత్తింది.

"రాయి. రాయకపోతే నువ్వు పండుకోవు, నన్ను పండనియ్యవు. రాసినంక మాత్రం నా ముంగట కూసొని ఏడ్వకు."

సోమవారం పొద్దున ఫారంలో నిజం రాశాను. ఈ బ్యాడ్జి నేను పెట్టుకోలేదు. కోదాడలో కళ్యాణి అనే అమ్మాయి పెట్టుకుంది. ఆమె గర్భవతి. మే నెల నుంచి కడుపు మీద పెట్టుకుంది. నా సర్టిఫికెట్ ఆ సెంటర్‌కు కిరాయికి ఇచ్చాను. ఇంతే, అయిదు వాక్యాలు. సంతకం పెట్టి ఫోన్‌తో ఫోటో తీసి రేడియేషన్ ఆఫీసు మెయిల్‌కు పంపి, ఆ తర్వాత హరీష్ బల్ల మీద పెట్టాను.

హరీష్ రెండుసార్లు చదివాడు.

"గిది నేను పంప."

"నేను పంపిన సార్."

అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

"అన్నా, నువ్వు మంచోనివి. మంచోళ్ళతోని ఇదే తలనొప్పి. ఆలోచన లేటుగ వస్తది. నాకు నష్టమైతది, సరే. తట్టుకుంట. ఆ పిల్లకు ఏం మిగుల్తది? నీకేం మిగుల్తది?"

"సర్టిఫికెట్ ఇస్తవా సార్?"

"ఏ సర్టిఫికెట్? నువ్వు కోదాడల పని చెయ్యలేదని నువ్వే రాసిస్తివి. సూర్యాపేటల నీ పేరే లేకపాయె. ఎక్కడ పని చేసినవని ఇయ్యాలె?"

సొరుగు తెరవను కూడా లేదు. బుధవారం వచ్చింది, పోయింది. లిస్టులో మూడో పేరు మనిషికి పోస్టు ఇచ్చారని మర్నాడు తెలిసింది.

అక్టోబర్ మొదటివారంలో హైదరాబాద్ నుంచి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. నన్నూ కోదాడ రమ్మన్నారు. వెళ్ళేసరికి సీసపు అడ్డం దాని చోట అది ఉంది. నీళ్ళ క్యాన్లు లేవు. కొత్త కోట్లు రెండు, ప్లాస్టిక్ కవర్ మడతలు కూడా పోకుండా, కొక్కేలకు వేలాడుతున్నాయి. మిషన్ దగ్గర సర్టిఫికెట్ ఉన్న కొత్త టెక్నీషియన్ ఒకాయన నిలబడి ఉన్నాడు. హరీష్ అందరికీ చాయ్ చెప్పాడు.

ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా మాట్లాడే మనిషి. డ్యూటీ రిజిస్టర్ తెరిచి నా ముందు పెట్టాడు.

"ప్రభుదాస్ గారూ, ఈ సంతకాలు మీవేనా?"

"నావే సార్."

"ఏప్రిల్, మే, జూన్, ఒక్క రోజు కూడా తప్పలేదు."

"నేను రోజూ రాలె సార్. శనివారం శనివారం రిజిస్టర్ సూర్యాపేట వస్తది. వారం సంతకాలు ఒక్కసారే పెడత."

"అంటే ఇవన్నీ అబద్ధం సంతకాలు. ఫారంలో రాసింది మాత్రం నిజం. అంతేనా?"

హరీష్ కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తున్నాడు. కళ్యాణికి అపాయింట్‌మెంట్ కాగితం లేదు. బ్యాంకులో జీతం పడలేదు, చేతికిచ్చేవాళ్ళు. ఆమె రెండేళ్ళు అక్కడ పని చేసిందని చెప్పే అక్షరం ముక్క ఆ గదిలో ఎక్కడా లేదు.

"ఆ అమ్మాయినే అడుగుదాం పదండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

వాళ్ళ ఇల్లు రెండు సందుల అవతల. అరుగు మీద కళ్యాణి అత్త సత్తెమ్మ బియ్యం చెరుగుతూ ఉంది. జీపు చూసి లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మా కోడలు ఏ పనికీ పోలేదయ్యా. ఇంటిపట్టునే ఉంటది."

"అమ్మాయిని ఒకసారి పిలవండమ్మా."

కళ్యాణి వచ్చి అత్త వెనక నిలబడింది. ముఖం వాచి ఉంది.

"అమ్మా, మీరు ఆ సెంటర్లో ఎక్స్‌రేలు తీసేవారా?"

"లేదండి."

"ఈ బ్యాడ్జి ఎప్పుడైనా పెట్టుకున్నారా?"

"లేదండి."

"ఈయన తెలుసా?"

నా వైపు చూసింది. "ఎక్స్‌రేకి వెళ్ళినప్పుడు చూసినట్టున్నానండి."

ఇన్‌స్పెక్టర్‌కు ఫోన్ వచ్చి జీపు వైపు వెళ్ళాడు. సత్తెమ్మ చాట పట్టుకుని లోపలికి పోయింది. కళ్యాణి మెట్టు దిగి వచ్చింది.

"డాక్టరమ్మకు చెప్పాను సార్, నోటిమాటే. స్కాన్ చేసి ఇప్పటికైతే బానే కనబడుతుందంది. పుట్టాక చూడాలంది."

"మరి కాగితం?"

"వద్దు సార్. మా అత్త ఒప్పుకోదు. కాగితంలో పేరెక్కితే రేపు ఊళ్ళో అందరూ కిరణాలు తగిలిన పిల్ల అంటారంట. బళ్ళో అంటారంట, సంబంధాలు చూసేప్పుడు అంటారంట. పుట్టకముందే అక్కడిదాకా వెళ్ళింది ఆవిడ. మా ఆయనదీ అదే మాట."

"హరీష్ వచ్చిపోయిండా?"

"వచ్చారండి. పళ్ళు తెచ్చారు." తల దించుకుంది. "ఆయన చెప్పినందుకు కాదు సార్. నిజంగా కాదు. ఆ రోజు మీతో అన్నప్పుడు నా ఒక్కదాని మాట అన్నాను. తర్వాత రాత్రీ పగలూ ఆలోచించాను. ఆ కాగితం ఉంటే నేను దాన్ని చూసినప్పుడల్లా పిల్లను చూస్తాను. పిల్లను చూసినప్పుడల్లా కాగితం గుర్తొస్తుంది."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ పెట్టేసి ఇటు వస్తున్నాడు. ఆమె గొంతు తగ్గించింది.

"మీ పేరు మీదే ఉండనివ్వండి సార్. మీరు పెద్దోరు. మీకేం కాదు."

జీపు బానెట్ మీద కాగితాలు పెట్టి ఇన్‌స్పెక్టర్ నాతో చెప్పాడు. "నేను కళ్ళతో చూసింది, రికార్డులో ఉన్నది రాయగలను. రిజిస్టర్ ప్రకారం మీరు డ్యూటీలో ఉన్నారు. ఆ అమ్మాయి లేనంటుంది. మీరు మొదట రాసినదే నిజమంటే కేసు పైకి పంపుతాను. ఆమెను మళ్ళీ మళ్ళీ పిలుస్తారు, హైదరాబాద్ కూడా రమ్మంటారు. లేదు, మీరే పెట్టుకున్నారంటే ఇక్కడే తేలిపోతుంది. ఏ సంగతో మీరే చెప్పాలి."

గుమ్మంలో కళ్యాణి నిలబడి చూస్తూ ఉంది.

"నేనే పెట్టుకున్న సార్."

ఆయన పెన్ను తీశాడు. ఒక్కో గడీ చదువుతూ నింపాడు. పేరు, వయసు, మగ. ఎన్నేళ్ళ అనుభవం. బ్యాడ్జి శరీరంలో ఏ భాగం మీద ధరించారు.

"కడుపు మీద," అన్నాను.

పెన్ను ఆగింది. ఇన్‌స్పెక్టర్ నా వైపు చూశాడు. తర్వాత గుమ్మం వైపు చూశాడు. అక్కడ ఎక్కువసేపు చూపు నిలపలేదు.

"ఛాతీ అని రాస్తున్నాను," అన్నాడు మెల్లగా. "కడుపు అని రాస్తే మళ్ళీ ప్రశ్నలొస్తాయి."

రాశాడు. సంతకం పెట్టాను. ఆ ఒక్క సంతకం మాత్రం ఏ రోజుదారోజే పెట్టాను.

పదిరోజులకు ఉత్తరం వచ్చింది. రేడియేషన్ నిజంగానే నాకు తగిలిందని తేల్చారు. పద్దెనిమిది పాయింట్ ఆరు నా పేరు మీద ఖాయమైంది. ఏడాది పాటు ఎక్స్‌రే గదిలో పని చేయకూడదు. రక్తపరీక్షలు చేయించుకోవాలి. చేయించుకున్నాను. నా రక్తం శుభ్రంగా ఉంది.

ఇప్పుడు హాలియాలో ఒక ల్యాబులో పని చేస్తున్నాను. బండి మీద ఊళ్ళు తిరిగి రక్తం శాంపిళ్ళు తెచ్చి ఇవ్వడం. ఇది ఎనిమిదో నౌకరి. సూర్యాపేట ఇల్లు ఖాళీ చేసి మిర్యాలగూడలో ఒక గది కిరాయికి తీసుకున్నాం. మార్త స్కూలు మానేయాల్సి వచ్చింది.

డిసెంబర్‌లో ఇంకో ఉత్తరం వచ్చింది. జూలై నుంచి సెప్టెంబర్ దాకా రీడింగ్. కళ్యాణి కడుపు మీద ఉన్న రెండో బ్యాడ్జి అది. ప్రభుదాస్, మగ, నలభై అయిదేళ్ళు. ఇరవై రెండు పాయింట్ ఒకటి.

మొదటిదానికంటే ఎక్కువ. ఆ నెలల్లో జ్వరాలు ఎక్కువ, ఛాతీ ఫోటోలు ఎక్కువ. రెండూ కలిపి చూసినా డాక్టర్లు భయపడే అంకెకు దిగువే. ఆ సంగతి నాకు తెలుసు. పుట్టాక చూడాలన్న డాక్టరమ్మకు మాత్రం సగమే తెలుసు.

ఫోన్ చేశాను. సత్తెమ్మ ఎత్తింది.

"ఎవరయ్యా?"

"ప్రభుదాస్‌ను అమ్మా. కళ్యాణి ఎట్లున్నది?"

వెనక ఎక్కడో పసిబిడ్డ ఏడుపు సన్నగా వచ్చింది.

"కాన్పయింది. పాప. ఇద్దరూ బానే ఉన్నారు."

"కళ్యాణికి జర ఫోన్ ఇస్తరా?"

"నిద్రపోతుంది. ఏం సంగతి? మళ్ళీ కాగితాలేనా?"

"కాదమ్మా. ఊరికే అడుగుదామని," అని అబద్ధం చెప్పాను. "లేచినంక ఒక్కసారి మాట్లాడమనుండ్రి."

సాయంత్రం దాకా చూశాను. మర్నాడు కూడా చూశాను. ఫోన్ రాలేదు. మూడో రోజు నేను చేస్తే మోగి మోగి ఆగిపోయింది.

మార్త ఆ ఉత్తరం తీసి, చదవడం వచ్చినంతమేర చదివింది.

"ఇంకోటి వస్తదా?"

"రాదు. ఇదే ఆఖరుది."

"ఆ పిల్లకు చెప్తవా?"

"ఎత్తుతలేదు."

"పోయి చెప్తవా?"

కోదాడ ఎంతో దూరం లేదు. ల్యాబు బండి నా దగ్గరే ఉంది. ఆ గుమ్మం, అడ్డంగా నిలబడే సత్తెమ్మ, పిల్లను చూసినప్పుడల్లా కాగితం గుర్తొస్తుందన్న మాట, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి.

"తెల్వదు," అన్నాను.

మార్త ఉత్తరాన్ని మడిచి నా చేతిలో పెట్టింది. ఎక్కడ దాచాలో నాకు చెప్పలేదు.